మస్జిదు చుట్టూ అల్లుకున్న సందులు
బీజింగ్ పాతనగరపు ఇళ్ళు, ముస్లిం పేటలు: ఒక పరిచయం

చైనా దేశపు పేరు వినగానే మనకు మహాకుడ్యం, పట్టుబట్ట, పింగాణీ పాత్ర గుర్తుకు వస్తాయి. బీజింగ్ పేరు వింటే చక్రవర్తుల రాజప్రాసాదం కళ్ళ ముందు మెదలుతుంది. ఆ ప్రాసాదాన్ని గురించి ఎందరో వ్రాశారు. అయితే ఒక నగరపు నిత్యజీవితం కొనసాగేది సామాన్యుల ఇళ్ళలోను, ఆ ఇళ్ళను ఒకదానితో ఒకటి కలిపే సందుల్లోను. బీజింగ్‌లో ఆ సందుకు ‘హుతుంగ్’ అని పేరు. ఆ సందులోని ఇంటికి ‘సిహెయువాన్’ అని పేరు.

ఎక్కడో చైనాలోని సందుగొందులతో మనకేమి నిమిత్తం అని పాఠకులు అడగవచ్చు. నిమిత్తం ఉన్నది. ఏడు శతాబ్దాలకు పైగా ఆ నగరంలో ముస్లిములు నివసిస్తున్నారు. వారిని ‘హుయ్’ జనులంటారు. వారి మాతృభాష చైనా భాషే అయిపోయింది. ముఖవర్చస్సులోను, వేషధారణలోను వారికీ ఇరుగుపొరుగు చైనీయులకూ భేదం చెప్పడం కష్టం. అయినా సముద్రంలో ఉప్పురాయిలా వారు కరిగిపోలేదు. నమాజు నిలిచింది. హలాల్, హరామ్ వివేచన నిలిచింది. జనాజాకు నలుగురూ భుజం పట్టే ఆచారం నిలిచింది. ఇది ఎలా సాధ్యమయింది? విద్వాంసుల గ్రంథాలు, మద్రసాల చరిత్ర ఈ ప్రశ్నకు ఒక సమాధానం చెబుతాయి. రెండవ సమాధానం ఆ సందుల అమరికలో ఉన్నది. ఆ సందులు, ఇళ్ళు ఎలా నిర్మితమైనవి, ముస్లిములు వాటిని ఎలా తమవిగా చేసుకొన్నారు, మన కాలంలో వాటికి ఏమి సంభవించింది అనే మూడు విషయాలను ఈ వ్యాసంలో క్రమంగా పరిశీలిద్దాం.

ఖాను కట్టించిన నగరం

నేటి బీజింగ్ పాతనగరపు రూపురేఖలకు పునాది వేసినవాడు మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్. క్రీ.శ. 1267 (హి. 665)లో ఆయన పాత పట్టణానికి ఈశాన్యంగా కొత్త రాజధానిని ప్రారంభించాడు. చైనీయులు దానిని ‘దాదూ’, అంటే మహారాజధాని అన్నారు. పారసీక, తురుష్క రచయితలు ‘ఖాన్‌బాలిఖ్’, అంటే ఖాను నగరం అన్నారు.

నగర పథకాన్ని రూపొందించినవాడు లియు బింగ్‌జుంగ్ అనే చైనా పండితుడు. రాజభవనాల నిర్మాణ బాధ్యత వహించిన వారిలో ఒక ముస్లిం ఉన్నాడన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. చైనా గ్రంథాలలో ఆయన పేరు ‘యెహెయ్‌దియెర్‌దింగ్’ అని వ్రాయబడి ఉన్నది. చివర ఉన్న ‘దింగ్’ మన ‘దీన్’ శబ్దమే. ఆయన తరువాత ఆయన సంతానం కూడ అదే నిర్మాణ శాఖలో ఉద్యోగం చేసింది. కాలక్రమాన మరుగునపడిన ఈ పేరును చెన్ యువాన్ అనే చైనా చరిత్రకారుడు ఒక ప్రాచీన శిలాశాసన పాఠం ఆధారంగా 1920 దశకంలో వెలుగులోకి తెచ్చాడు.

దాదూ నగరం చదరంగపు పలకలా గీతలు గీసి కట్టినది. పెద్ద వీధి వెడల్పు 24 అడుగులు, చిన్న వీధి వెడల్పు 12 అడుగులు. ఇక్కడ అడుగు అనగా నడకలో రెండు పాదాలు వేసినంత దూరం, సుమారు మీటరున్నర. ఇళ్ళ మధ్య సందు ఇందులో మళ్ళీ సగం, సుమారు 9 మీటర్లు. ఈ సందులు చాలావరకు తూర్పు పడమరలుగా సాగుతాయి. ఒక సందుకూ మరొక సందుకూ మధ్య దాదాపు డెబ్భై మీటర్ల ఎడం ఉంటుంది. ఎందుకిలా? ప్రతి ఇల్లూ దక్షిణముఖంగా ఉండాలి. ఉత్తరాన్నుంచి వీచే చలిగాలికి ఇల్లు వీపు తిప్పాలి, దక్షిణపు ఎండకు ముఖం చూపాలి. సందు తూర్పు పడమరలుగా ఉంటేనే దాని వెంబడి ఉన్న ఇళ్ళన్నింటికీ ఈ సౌకర్యం సమకూరుతుంది. నగరమంతటికీ ఎండను సమంగా పంచిపెట్టిన ఏర్పాటు ఇది.

1285లో పాత పట్టణవాసులను కొత్త నగరానికి తరలించినప్పుడు ఇంటికి 8 ‘మూ’ల చొప్పున స్థలం కేటాయించారు. అది మన లెక్కలో ఎకరానికి పైచిలుకు. ధనికులకు, ఉద్యోగులకు మొదటి అవకాశం లభించింది. తరాలు గడిచి అన్నదమ్ముల పంపకాలు జరిగినకొద్దీ ఆ స్థలాలు ముక్కలయ్యాయి. మధ్య మధ్య కొత్త సందులు పుట్టాయి. కొన్ని సందుల్లో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదిగి నిలబడవలసిందే.

‘హుతుంగ్’ అనే మాట బావిని తెలిపే మంగోలు పదం నుండి వచ్చినదని చాలామంది పండితుల అభిప్రాయం. బావి ఉన్నచోట మనుషులు చేరతారు, మనుషులు చేరినచోట సందు ఏర్పడుతుంది. సందుల పేర్లు కూడ చదవదగినవే. బావుల పేర్లు, వృత్తుల పేర్లు, అంగడి సరుకుల పేర్లు వాటికి ఉన్నాయి. కొన్నింటికి మూడవ సందు, నాల్గవ సందు అని వట్టి అంకెలే.

నాలుగు దిక్కుల ఇల్లు

‘సిహెయువాన్’ అంటే నాలుగు వైపులా మూసుకొన్న ముంగిలి అని అర్థం. మన కోస్తా పల్లెల్లోని మండువా లోగిలిని చూసినవారికి, హైదరాబాదు పాతబస్తీ దేవిడీల్లోని సహన్‌ను, దాని చుట్టూ ఉన్న దాలాన్లను చూసినవారికి ఈ ఇంటిని ఊహించుకోవడం కష్టం కాదు. అయితే మండువాలో నాలుగు పక్కల కప్పు ఒకటిగా కలిసి ఉంటుంది. బీజింగ్ ఇంటిలో నాలుగు దిక్కులా నాలుగు వేర్వేరు కట్టడాలు, నడుమ విశాలమైన ముంగిలి. శీతకాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా నడుస్తాడు కాబట్టి ముంగిలి ఇరుకైతే ఎండ లోపలికి రాదు. చూరు కొలత కూడ లెక్క ప్రకారమే: ఎండాకాలపు నడినెత్తి ఎండను ఆపుతుంది, చలికాలపు ఏటవాలు ఎండను గది లోపలి దాకా రానిస్తుంది.

ఉత్తరాన ఉండేది ముఖ్యశాల. అది ఇంటి పెద్దలది. తూర్పు, పడమటి శాలలు కొడుకులవి, వారి కుటుంబాలవి. దక్షిణపు శాల సందుకు వీపు పెట్టి ఉత్తరం వైపు చూస్తుంది. అది అతిథులకు, పనివారికి, పిల్లల చదువులకు. సంపన్నుల ఇళ్ళలో ఇటువంటి ముంగిళ్ళు ఒకదాని వెనుక ఒకటి రెండు, మూడు, నాలుగు ఉండేవి.

ఇంటి విషయంలో ప్రభుత్వ కట్టుబాట్లు కూడ ఉండేవి. సామాన్యుని ఇంటి ముఖ్యశాల మూడు అంకణాలు మించరాదని మింగు వంశీయుల కాలపు నిబంధన. పసుపుపచ్చ పెంకు చక్రవర్తికి ప్రత్యేకం. కనుకనే సామాన్యుల నగరమంతా బూడిదరంగు ఇటుక, బూడిదరంగు పెంకు. ఇళ్ళన్నీ ఒంటి అంతస్తువే. సింహద్వారపు కట్టును బట్టి, గడప పక్కనున్న రాళ్ళను బట్టి లోపలివారి హోదా బాటసారికి తెలిసిపోయేది.

సింహద్వారం సాధారణంగా ఆగ్నేయపు మూలన ఉంటుంది. ద్వారం తెరిచినా ఇల్లు కనిపించదు. ఎదురుగా ఒక మరుగుగోడ అడ్డు నిలుస్తుంది. దానిని చుట్టి ఎడమకు తిరిగితే బయటి ముంగిలి. అక్కడినుండి చెక్కడపు పనితో అలంకరించిన రెండవ ద్వారం గుండా లోపలి ముంగిలి. ‘పెద్ద గుమ్మం దాటదు, రెండవ గుమ్మం తొక్కదు’ అని మంచి కుటుంబపు ఆడపిల్లను గూర్చి అక్కడ ఒక సామెత. సందు వైపు కిటికీలు దాదాపు ఉండవు. పర్దా, ఇంటి మర్యాద, అనుమతి లేకుండా పరాయివారి ఇంట అడుగుపెట్టరాదన్న నియమం తెలిసిన ముస్లిం కుటుంబానికి ఇటువంటి ఇల్లు పరాయిగా తోచలేదంటే ఆశ్చర్యం ఏమున్నది?

అదే ఇల్లు, వేరొక జీవితం

బయటినుండి చూస్తే హుయ్ ముస్లిం ఇల్లు మిగతా ఇళ్ళలాంటిదే. అదే బూడిదరంగు గోడ, అదే మరుగుగోడ. భేదం గడప వద్ద మొదలవుతుంది. చైనీయుల ద్వారబంధాలపై ద్వారదేవతల పటాలు అంటిస్తారు. ముస్లిం ఇంటికి అవి ఉండవు. వాటి చోట ద్వారం పైన అరబ్బీ లిపిలో దుఆ వ్రాసిన పలకయో, కాగితమో ఉంటుంది. వంటగదిలో పొయ్యిదేవత పటం ఉండదు. ముఖ్యశాలలో పితృదేవతల ఫలకాలు ఉండే స్థానంలో కుంచెతో వ్రాసిన అరబ్బీ లిఖితం వేలాడుతుంది. చైనా కుంచె, చైనా సిరా, చైనా కాగితం. అక్షరం మాత్రం అరబ్బీ.

రెండవ గుర్తు నీరు. వుజూ కొరకు పొడుగు మూతి చెంబు, గుస్ల్ కొరకు పైనుండి వేలాడదీసే అడుగున రంధ్రమున్న కుండ, ఈ రెండూ లేని ముస్లిం ఇల్లు ఉండేది కాదు. నిలవనీటిలో ముంచుకోకుండ పారే నీటితోనే శుద్ధి చేసుకోవాలన్న పట్టింపు దీనికి కారణం. ఆ చెంబు ఎంత ప్రసిద్ధమైనదంటే, అక్షరాలు రాని బాటసారి కూడ గుర్తుపట్టేటట్లు ముస్లిం అంగళ్ళ ముందు చెంబు బొమ్మ వేసిన పలకను వేలాడదీసేవారు. ఆ బొమ్మ ఉన్నచోట ఆహారం హలాల్ అని అర్థం.

ముంగిలిలో చెట్లు నాటడంలోనూ చైనీయులకు పట్టింపులున్నాయి. మల్బరీ చెట్టు పేరు శోకాన్ని, పియర్ చెట్టు పేరు ఎడబాటును స్ఫురింపజేస్తాయని వాటిని ఇంట పెంచరు. దానిమ్మను సంతాన సమృద్ధికి గుర్తుగా ప్రీతితో పెంచుతారు. ముస్లిం ఇంటి ముంగిలిలోనూ దానిమ్మ ఉండేది. దివ్య ఖుర్‌ఆన్‌లో ప్రస్తావించబడిన ఫలవృక్షం కదా!

పడమటికి తిరిగిన ముంగిలి

దాదూ కొలతలకు లోబడని ఒక పేట బీజింగ్‌లో ఉన్నది. దాని పేరు ‘న్యూజియే’, అంటే ఎద్దుల వీధి. కుబ్లాయ్ కొత్త నగరానికి నైరుతిగా, అంతకు పూర్వపు పాత పట్టణపు నేల మీద ఇది పెరిగింది. అందుచేతనే ఇక్కడి సందులు గీత గీసినట్లు ఉండక వంకరటింకరగా సాగేవి. కుబ్లాయ్ కొత్త రాజధాని మొదలుకాక మునుపే, 1263 నాటి లెక్కల ప్రకారం ఆ పాత పట్టణంలో ముస్లిం కుటుంబాలు దాదాపు మూడువేలు; వారిలో ఎక్కువమంది వర్తకులు. 1553లో దక్షిణపు శివార్లను చుట్టి మరొక కోటగోడ కట్టినప్పుడు ఈ పేట కూడ నగరంలో భాగమయింది.

ఎద్దుల వీధి మస్జిదు క్రీ.శ. 996లో స్థాపితమయినదని సంప్రదాయ కథనం. నేడు కనిపించే కట్టడాలు ప్రధానంగా మింగు, చింగు వంశాల కాలానివి. 1442లో పునర్నిర్మాణం జరిగింది. 1474లో చక్రవర్తి నుండి ‘ఆరాధనాలయం’ అనే అర్థం గల పేరు లభించింది. 1696లో పెద్ద మరమ్మతులు జరిగాయి. మస్జిదు ఆవరణలో పశ్చిమ దేశాల నుండి వచ్చిన ఇద్దరు ధర్మవేత్తల సమాధులున్నాయి. వాటి అరబ్బీ శిలాఫలకాలు 1280, 1283 సంవత్సరాలవి.

ఈ మస్జిదును పరిశీలిస్తే బీజింగ్ ముస్లిముల జీవనరీతి అంతా ఇందులో ఇమిడి ఉన్నదని తోస్తుంది. గుమ్మటం లేదు, ఆకాశాన్నంటే మీనారు లేదు. అదే బూడిదరంగు ఇటుక, అదే వంపు తిరిగిన చూరు, అదే నాలుగు పక్కల ముంగిలి. చైనా ఇంటి పద్ధతిలో ఒక్క విషయం మాత్రమే మార్చబడింది. చైనాలో గౌరవప్రదమైన ప్రతి కట్టడమూ దక్షిణాభిముఖం. చైనా నుండి ఖిబ్లా పడమర. కనుక మస్జిదు ముంగిలి మొత్తాన్ని పడమటికి తిప్పారు. ప్రార్థనామందిరం తూర్పుకు తెరుచుకుంటుంది, నమాజీ ముఖం పడమటికి ఉంటుంది.

ఇందులో ఒక చిక్కు వచ్చింది. మస్జిదు వీధికి తూర్పు పక్కన ఉన్నది. అంటే వీధిలోనుండి వచ్చేవారికి మొదట ఎదురయ్యేది మిహ్రాబు వెనుక భాగం! అందుకని వీధి ద్వారం దాటి, చంద్రదర్శన గోపురం పక్కగా నడిచి, ప్రార్థనామందిరాన్ని చుట్టి, తూర్పు ముంగిలికి చేరి, అక్కడ వెనుదిరిగి లోపలికి ప్రవేశించాలి. దారి చుట్టయినా ఫరవాలేదు, ఖిబ్లా మాత్రం తప్పరాదు అన్నది ఆ నిర్మాతల నిశ్చయం. రమజాను నెలవంకను చూడడానికి కట్టిన ఆ ఆరుపలకల గోపురం నేటికీ నిలిచి ఉన్నది.

తూర్పు ముంగిలిలో అజాను పిలుపుకొరకు ఒక చిన్న గోపురం ఉన్నది. దానిని చైనీయ ముస్లిములు ‘బాంగ్‌కె’ గోపురం అంటారు. ఈ మాటలో ఉన్నది మన ఊళ్ళలో అజానును పిలిచే ‘బాంగు’ శబ్దమే. పారసీక భాష నుండి అది ఇటు దక్కనుకూ వచ్చింది, అటు చైనాకూ వెళ్ళింది. వారు నమాజును ‘నైమాజి’ అంటారు. వుజూను ‘ఆబ్‌దస్త్’ నుండి వచ్చిన మాటతో పిలుస్తారు. మస్జిదు గురువును ‘ఆహుంగ్’ అంటారు. అది ‘ఆఖూంద్’కు చైనా రూపం. స్నేహితుడు ‘దోస్తి’. వేలాది మైళ్ళ దూరాన, ఒక్క తెలుగు మాట గాని ఉర్దూ మాట గాని తెలియని మనుషుల నోట ఈ శబ్దాలు వింటే ఎవరి హృదయం స్పందించదు?

సందే జమాఅతు

మస్జిదు చుట్టూ ఉండే ముస్లిం గృహాల సముదాయాన్ని వారు ‘జియావ్‌ఫాంగ్’ అంటారు. ధర్మపు పేట అని అర్థం చెప్పుకోవచ్చు. ఆహుంగ్‌ను పిలిపించుకోవడం, ఆయన పోషణ, మస్జిదు మరమ్మతు, పిల్లల ఖుర్‌ఆన్ చదువు, నికాహ్, జనాజా, పేదల సంరక్షణ అన్నీ ఆ పేట బాధ్యతలే. చైనాలో ప్రతి పట్టణంలోనూ ముస్లిములకు ప్రత్యేకమైన పేట, అందులో మస్జిదు ఉంటాయని పధ్నాల్గవ శతాబ్దిలో ఇబ్నె బతూతా వ్రాశాడు. ఆయన వ్రాసిన ఆ పద్ధతి ఇరవయ్యవ శతాబ్ది వరకు చెక్కుచెదరలేదు.

ఇందుకు కారణం స్పష్టం. ఐదుపూటల నమాజు మనిషిని మస్జిదుకు నడకదూరంలో ఉంచుతుంది. హలాల్ మాంసం అవసరం అతనిని ముస్లిం కసాయి అంగడికి దగ్గరగా ఉంచుతుంది. మరణించినవారి గుస్ల్, కఫన్ ఆలస్యం కారాదన్న నియమం ఇరుగుపొరుగు ముస్లిములను ఒకరికొకరు అందుబాటులో ఉంచుతుంది. ధర్మం విధించిన ఈ మూడు అవసరాలూ కలిసి సందును జమాఅతుగా మార్చాయి. పొరుగువాని హక్కులను గురించి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఎంతగా తాకీదు చేశారో మనకు తెలుసు. ఆ హక్కు నెరవేరాలంటే ముందు పొరుగు అనేది ఉండాలి కదా!

ఎద్దుల వీధివారి వృత్తులు కూడ సందును అంటిపెట్టుకున్నవే. గొర్రె మాంసం, ఎద్దు మాంసం వర్తకం, పచ్చరాయి నగల వ్యాపారం, జిగురుబియ్యపు మిఠాయిలు చేసి వీధుల్లో అమ్మడం వారి ప్రధాన జీవనోపాధులు. అక్కడి ‘షూరూ’ అనే సందు పాతపేరు ‘షూరొవ్’, అంటే వండిన మాంసపు సందు. ఎంతమంది కుండలు ఆ సందులో ఉడికి ఉంటాయో ఆ పేరే చెబుతుంది.

విద్య కూడ ఈ ముంగిళ్ళలోనే మొలకెత్తింది. హజ్ చేసి, పశ్చిమ దేశాలు పర్యటించి వచ్చిన వాంగ్ ఖ్వాన్ అనే ఆహుంగ్ 1907లో ఎద్దుల వీధి మస్జిదులో కొత్తరీతి పాఠశాల నెలకొల్పాడు. నగరపు తూర్పుభాగంలోని దుంగ్‌సి మస్జిదు, 1447లో ఒక ముస్లిం సేనాధికారి సొంత ధనంతో పునర్నిర్మించినది, 1929లో చెంగ్‌దా ఉపాధ్యాయ శిక్షణాలయానికి ఆశ్రయమిచ్చింది. ఈజిప్టు రాజు ఫువాద్ బహూకరించిన గ్రంథాలతో 1936లో అక్కడ ఒక గ్రంథాలయం కూడ ఏర్పడింది. ఎద్దుల వీధి సందుల్లో స్త్రీలకు ప్రత్యేకంగా మస్జిదు ఉండడం చైనా ముస్లిం సమాజపు మరొక విశేషం.

ఇరవయ్యవ శతాబ్దపు తాకిడి

1949లో కొత్త ప్రభుత్వం ఏర్పడినప్పుడు బీజింగ్‌లో మూడువేలకు పైగా హుతుంగ్‌లు ఉండేవి. పాతనగరాన్ని కదపకుండ పరిపాలనా కేంద్రాన్ని దానికి పడమటగా కట్టాలని లియాంగ్ సుచెంగ్, చెన్ జాన్‌షియాంగ్ అనే నిర్మాణ శాస్త్రజ్ఞులు 1950లో ప్రతిపాదించారు. అది ఆమోదం పొందలేదు. తరువాతి రెండు దశాబ్దాలలో కోటగోడలు చాలావరకు నేలమట్టమయ్యాయి.

ఇళ్ళు వెంటనే కూలలేదు, లోలోపల కిక్కిరిసిపోయాయి. ఒక కుటుంబం ఉన్న ముంగిలిలోకి నాలుగు, ఆరు, పది కుటుంబాలు వచ్చాయి. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవకాలంలో ఎద్దుల వీధి మస్జిదు మూతబడింది. 1979లో మరమ్మతు జరిగి తిరిగి తెరుచుకొన్నది. 1976 జులైలో తాంగ్‌షాన్ భూకంపం వచ్చినప్పుడు భయపడిన జనం ముంగిళ్ళలో తాత్కాలికంగా పాకలు వేసుకొన్నారు. ఆ పాకలే ఇటుక గోడలై, వంటగదులై స్థిరపడ్డాయి. ఎండకోసం విడిచిన ముంగిలి మనిషి పట్టనంత సందుగా మారింది. చూడవచ్చినవారు దీనిని ప్రాచీన సౌందర్యమని మెచ్చుకోవచ్చు. లోపల నివసించేవారికి కుళాయి నలుగురిలో ఒకటి, మరుగుదొడ్డి సందు చివర, శీతకాలం బొగ్గుపొయ్యి. ఈ కష్టాన్ని లెక్కచేయకుండ పాత ఇళ్ళను గురించి మాట్లాడడం న్యాయం కాదు.

1990 నుండి శిథిల గృహాల పునర్నిర్మాణం పేరిట పెద్ద ఎత్తున కూల్చివేతలు మొదలయ్యాయి. గోడపై సున్నంతో వృత్తం గీసి, అందులో ‘కూల్చు’ అనే అర్థంగల అక్షరం వ్రాసేవారు. ఆ గుర్తు పడిన ఇంటికి రోజులు దగ్గర పడినట్లే. ఇరవైఒకటవ శతాబ్ది తొలి సంవత్సరాలకు సందుల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది.

1997 నుండి ఎద్దుల వీధి వంతు వచ్చింది. పేటలోని వంకర సందులు, ఒంటి అంతస్తు ఇళ్ళు తొలగించబడ్డాయి. వీధి ఎన్నో రెట్లు వెడల్పయింది. ఇరువైపులా బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. మస్జిదు మాత్రం జాతీయ రక్షిత కట్టడం కావడంచేత (1988) చెక్కుచెదరకుండ నిలిచింది. ఒకప్పుడు చుట్టుపక్కల ఇళ్ళ చూరుల కంటె ఎత్తుగా నిలిచి నెలవంకను వెదకిన గోపురం ఇప్పుడు భవనాల అడుగున ఉన్నది.

ఏది మిగిలితే మిగిలినట్లు?

ఇక్కడ మనం నిదానంగా ఆలోచించవలసిన విషయమొకటి ఉన్నది. ఎద్దుల వీధి కూల్చివేతలో పాత నివాసులలో చాలామందికి అదే స్థలంలో కట్టిన భవనాలలో ఇళ్ళు లభించాయి. కాబట్టి ఇళ్ళు పోయినా మనుషులు మిగిలారు. నేటికీ జుమా నాడు మస్జిదు నిండుతుంది. హలాల్ మాంసపు అంగళ్ళ ముందు ముస్లిములే గాక ఇతరులు కూడ బారులు తీరుతారు.

దీనికి పూర్తిగా భిన్నమైనది నగరపు ఉత్తరభాగంలోని నాన్‌లువొగు సందు. రక్షిత ప్రాంతం కాబట్టి అక్కడ గోడలు, ద్వారాలు నిలిచాయి. ప్రధాన సందులో ఇళ్ళు అంగళ్ళుగా, ఫలహారశాలలుగా మారాయి. పాత నివాసులు అనేకులు వెళ్ళిపోయారు. ఇళ్ళు మిగిలాయి, ఇరుగుపొరుగు చెదిరింది. ఈ రెంటిలో ఏది సంరక్షణ?

మూడవ మార్గం లేకపోలేదు. అదే ప్రాంతంలోని జూఅర్ సందులో వూ లియాంగ్‌యుంగ్ అనే నిర్మాణ శాస్త్రజ్ఞుడు శిథిలమైన ఇళ్ళ స్థానంలో రెండు మూడు అంతస్తుల కొత్త గృహాలను, నడుమ ముంగిలి వదిలి, పాత పద్ధతిలో కట్టించి చూపాడు. మొదటి విడత 1990లో పూర్తయింది. కుళాయి, మరుగుదొడ్డి ఇంట్లోకి వచ్చాయి, ముంగిలి నిలిచింది. ఈ ప్రయోగం అంతర్జాతీయ ప్రశంస పొందినా విస్తృతంగా అనుసరించబడలేదు. 2002లో 25 చారిత్రక ప్రాంతాలకు రక్షణ పథకం వచ్చింది. 2017 నాటి నగర పథకం పాతనగరంలో ఇక కూల్చివేతలు ఉండరాదని ప్రకటించింది. ఈ మాట యాభై ఏళ్ళ ముందు వచ్చి ఉంటే!

మరొక సంగతి కూడ చెప్పక తప్పదు. 2019లో బీజింగ్‌లోని హలాల్ భోజనశాలల, అంగళ్ళ ముందున్న అరబ్బీ అక్షరాలను, నెలవంక గుర్తులను తొలగించాలని అధికారులు ఆదేశించారు. ఎద్దుల వీధి అంగళ్ళకు కూడ ఈ ఆదేశం వర్తించింది. ఒకనాడు అక్షరం రానివాడు సైతం గుర్తుపట్టేందుకు చెంబు బొమ్మను వేలాడదీసిన వీధి అది. సందు లేనప్పుడు, ఇంటి ద్వారంపై దుఆ పలక కనిపించని ఎత్తైన భవనాలలో నివసిస్తున్నప్పుడు, అంగడి ముందటి గుర్తు కూడ పోతే కొత్తతరం బాలునికి తన పేట ఏదో తెలిపే గుర్తులు ఎన్ని మిగులుతాయి?

ముగింపు

గోడలు శాశ్వతం కావు. ఇటుక, కర్ర, పెంకు నూరేళ్ళకో రెండు నూర్లకో మారవలసినవే. ఎద్దుల వీధి మస్జిదు కూడ ఎన్నోసార్లు పునర్నిర్మించబడినదే. బీజింగ్ ముస్లిములు ఏనాడూ గోడను పట్టుకొని వ్రేలాడలేదు. చైనా ఇంటిని నిస్సంకోచంగా స్వీకరించారు. దాని ముఖాన్ని ఖిబ్లా వైపు తిప్పారు. అక్కడి నేలతో, గాలితో, పొరుగువారితో వారికి పేచీ రాలేదు. పరాయిదేశంలో ముస్లింగా బ్రతకడం ఎలాగో ఆ ఒక్క మలుపు బోధిస్తుంది.

అయితే వారిని నిలబెట్టిన రెండవ విషయాన్ని మరువరాదు. అది దగ్గరితనం. బాంగు వినపడే దూరం, జనాజా మోసుకుపోగల దూరం, పొరుగింటి పొయ్యి వెలగకపోతే తెలిసేంత దూరం. ఇంటిని కట్టేవారు, నగరాన్ని మార్చేవారు అన్ని కొలతలూ తీస్తారు. ఈ దూరాన్ని కొలిచేవారు అరుదు. మన హైదరాబాదు పాతబస్తీలోనూ దేవిడీలు ఒకటొకటిగా పోయి భవనాలు లేస్తున్నాయి. కుటుంబాలు దూరపు కాలనీలకు తరలుతున్నాయి. అందుకు నిందించవలసినవారు ఎవరూ లేరు. కుళాయి నీరు, గాలి వెలుతురు అందరికీ కావలసినవే. కాని కొత్త చోట ఇల్లు వెదికేటప్పుడు గదులెన్ని, అద్దె ఎంత అన్న ప్రశ్నలతో పాటు మస్జిదు ఎంత దూరం, పొరుగు ఎవరు అన్న ప్రశ్నలను కూడ మనం అడుగుతున్నామా? బీజింగ్ సందులు ఏడు వందల సంవత్సరాలు అడిగిన ప్రశ్నలు అవే.